పాత కారు కొంటే ఆనందమా, తలనొప్పా? పద్మినితో నా తొమ్మిదేళ్లు

పాత రేసుల వీడియోలు చూసి వింటేజ్ కారు మీద మోజు పుట్టింది, చేతిలో మూడు నాలుగు లక్షలున్నాయి, ఏం కొనాలి, కొన్నాక ఆనందమా తలనొప్పా అని అడిగారు. తొమ్మిదేళ్లుగా నెల్లూరులో 1985 మోడల్ ప్రీమియర్ పద్మినిని భరిస్తున్నవాణ్ని కాబట్టి చెప్తున్నా, రెండూనూ. మీ ఊళ్లో ఏ బండి మీద చెయ్యి తిరిగిన మేస్త్రి ఉన్నాడో ముందు కనుక్కోండి, ఆ బండే కొనండి. అందచందాలు తర్వాత.

నాకీ పిచ్చి అంటించింది మా బాబాయ్. చిన్నప్పుడు సూళ్లూరుపేటలో ఉండేవాళ్లం, మద్రాసు రోడ్డు పట్టుకుని పోతే మద్రాసు ఇంకా రాకముందే షోలవరం తగిలేది. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. దాని మీదే మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు 1950ల నుంచి రేసులు నడిపారు. 1980ల మొదట్లో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా వన్ కారు తెచ్చి తోలింది అక్కడే. అందరూ దాని గురించే చెప్పుకునేవాళ్లు గానీ, నా కళ్లన్నీ ఫియట్ కార్ల మీదా స్టాండర్డ్ హెరాల్డ్ కార్ల మీదా ఉండేవి. మా వీధిలో పెళ్లిళ్లకి అద్దెకి తిరిగే కారే, వెనక సీటు పీకేసి, బలం పెరగడానికి ఇంజన్ హెడ్డు కోయించి, పెట్రోలూ గాలీ కలిపే కార్బరేటర్ మార్చి వదిలితే అంత అరుపు అరుస్తుందా అని నోరెళ్లబెట్టుకు చూసేవాణ్ని. గాలిలో ఏదో కాలిన తియ్యటి వాసన. ఏంటి బాబాయ్ ఇది అంటే "ఆముదం రా, రేసు ఇంజన్లకి ఆముదంతో చేసిన ఆయిల్ పోస్తారు, ఎంత వేడికైనా ఆగుద్ది" అన్నాడు. మా నాయనమ్మ నా నెత్తిన మర్దించే ఆముదం రేసు కారులోనా అని ఇంటికొచ్చేదాకా నవ్వుకున్నా. 1990లో మద్రాసు దగ్గరే ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాక్ వచ్చింది, షోలవరం కథ అక్కడితో సరి.

పద్మిని అంటే వేరే ఏం కాదు, ఆ ఫియట్ 1100కే బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ వాళ్లు 1974లో పెట్టిన కొత్త పేరు. 1089 సీసీ ఇంజన్, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు (ఇప్పటి కార్లంత త్వరగా ఆగదు, ముందు బండికి కాస్త ఎక్కువ దూరం వదలండి, చెప్తున్నా). బొంబాయిలో టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగాయి కాబట్టి సామాన్లకి మరీ అంత వెతుకులాట ఉండదు.

నేను మోసపోయింది మాత్రం రంగు చూసి. పైన పటారం, లోన లొటారం. ఇంటికి తెచ్చాక మ్యాట్లు ఎత్తితే ఫ్లోరంతా తుప్పు, దాని మీద పుట్టీ మెత్తి నల్ల రంగు కొట్టారు. కారు కన్నా టింకరింగ్‌కే ఎక్కువైంది, మూడు నెలలు షెడ్డులోనే ఉంది, ఇంట్లో ఆ మూడు నెలలూ ఎలా గడిచాయో రాయను.

ఆ తర్వాత ఒక మే నెల మధ్యాహ్నం నాయుడుపేట దాటాక హైవే మీద ఆగిపోయింది. పెట్రోలుంది, కరెంటుంది, స్టార్టవదు. ట్యాంకులోంచి పెట్రోలు లాగే పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కదా, ఆ వేడికి లోపల పెట్రోలు ఆవిరైపోతే ఇక లాగదు. బాబాయ్‌కి ఫోన్ చేస్తే "తువ్వాలు తడిపి పంపు మీద వెయ్, టీ తాగిరా" అన్నాడు. టీ తాగొచ్చి చోక్ లాగకుండా తాళం తిప్పితే స్టార్టయింది! డెబ్బై దాటిన మనిషి, ఫోన్లోనే చెప్పేశాడు. మీకు కావలసిన ఆనందం నా దృష్టిలో ఇదే, బానెట్ ఎత్తితే ఏది ఏం చేస్తోందో కంటికి కనిపిస్తుంది, చెవికి వినిపిస్తుంది. ఇంజన్‌లో వాల్వుల్ని కదిపే టాపెట్లు లూజైతే ఆ టకటక విని ఇప్పుడు నేను వీధి చివర్నుంచే చెప్పగలను. ఇంకోటి, ఇప్పుడొచ్చే ఇథనాల్ పెట్రోలుకి పాత రబ్బరు పైపులు తట్టుకోవు, కొనగానే అవి మార్పించండి.

చట్టం లెక్కలో పద్మినులు చాలావరకు ఇంకా వింటేజ్ కావు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారని బండికే 'వీఏ' అక్షరాల నంబరిస్తారు, 20 వేలు ఫీజు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకి తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ అంతే. నాది మామూలు ఆర్సీయే, ఐదేళ్లకోసారి రెన్యువల్, ఆదివారం పొద్దున్నే కోడూరు బీచ్ దాకా వెళ్లొస్తా.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు, నేనొచ్చేదాకా ఇంజన్ స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్టవడానికి మొరాయిస్తుందనో మరోటో ఏదో దాస్తున్నాడని లెక్క. తర్వాత మ్యాట్లు ఎత్తి స్క్రూడ్రైవర్‌తో ఫ్లోరు పొడవండి. అమ్మేవాడు మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనీ.