పాత వ్యాన్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్స్: మార్చే ముందు పాన్ విప్పించండి

మీ వ్యాన్ రెండో గేర్ దాటడం లేదని, మెకానిక్ గేర్‌బాక్స్ మొత్తం మార్చాలన్నాడని రాశారు. అప్పుడే ఒప్పుకోకండి. మా పాత వ్యాన్‌కీ సరిగ్గా ఇలాగే అయింది, మాకూ అదే మాట చెప్పారు. ఏదైనా సిగ్నల్ తేడాగా వస్తే, లోపలి భాగాలు దెబ్బతినకుండా కంప్యూటరే బండిని ఒక గేర్‌లో ఆపేస్తుంది. దాన్ని లింప్ మోడ్ అంటారు. మా బండిలో పోయింది అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్, అంటే గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ వేగాన్ని కంప్యూటర్‌కి చెప్పేది. అది మార్చాక బండి ఇంకా చాలాకాలం నడిచింది.

అందుకే ముందు గేర్‌బాక్స్ కంప్యూటర్‌ని కూడా చదవగల స్కానర్ పెట్టించండి. స్కానర్‌లో పీ0700 అనే తప్పు కోడ్ ఒక్కటే చూపించి 'గేర్‌బాక్స్ పోయింది' అంటే నమ్మొద్దు. లోపల ఇంకేదో కోడ్ ఉందని మాత్రమే అది చెబుతుంది. పీ0720 వస్తే అవుట్‌పుట్ సెన్సర్ లేదా దాని వైరింగ్, పీ0750 వస్తే షిఫ్ట్ సోలినాయిడ్ (గేర్ మార్చే ఆయిల్ దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) వైపు చూడాలి. పీ0730 వస్తే మాత్రం కాస్త ఆలోచించాలి, లోపల గేర్లని పట్టి ఉంచే క్లచ్‌లు జారుతుండవచ్చు. బ్యాటరీ వీక్‌గా ఉన్నా, ఎర్త్ వైరు తుప్పు పట్టినా తప్పుడు కోడ్లు వస్తాయి. అదీ చూడమనండి.

తర్వాత గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం, అదే పాన్, విప్పించండి, అప్పుడు మీరు పక్కనే ఉండండి. నా దృష్టిలో అసలు తీర్పు అక్కడే. పాన్‌లో ఉండే అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పేస్టు ఉంటే భయం లేదు, అది మామూలు అరుగుదల. మెరిసే లోహపు పెచ్చులు, నల్లటి ముక్కలు కనిపించి, ఆయిల్ మాడిన వాసన వస్తుంటే క్లచ్ ప్లేట్లు అయిపోయినట్టే. అప్పుడు కొత్త ఆయిల్ పోసినా అరిగిన ప్లేట్లు తిరిగి రావు. ఆయిల్ గులాబీరంగు మిల్క్‌షేక్‌లా కనిపిస్తే రేడియేటర్‌లో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే కూలర్ లీకై నీళ్లు కలిశాయని అర్థం. ఆ నీళ్లకి ప్లేట్ల మీది లైనింగ్ ఊడిపోతుంది.

కొన్నేళ్లకు మా బండికి నిజంగానే గేర్‌బాక్స్ మార్చాల్సి వచ్చింది. ఇంజిన్ బాగుంది, అడుగున తుప్పు లేదు కాబట్టే ఖర్చు పెట్టాం. సెకండ్‌హ్యాండ్ కాకుండా వారంటీ ఉన్న రీమాన్యుఫ్యాక్చర్డ్ యూనిట్ (అరిగిన భాగాలు మార్చి మళ్లీ తయారుచేసినది) తీసుకున్నాం. ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ కూడా మార్పించండి, పాతదాన్ని తిరిగి పెట్టనివ్వకండి. కూలర్‌ని, దాని పైపుల్ని కడిగించడమో మార్పించడమో తప్పనిసరి. పాత గేర్‌బాక్స్ చెత్త అందులో దాక్కుని కొత్తదాన్నీ చంపేస్తుంది. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి, 'అన్ని బళ్లకీ సరిపోతుంది' అన్నది వద్దు. బిగించాక కంప్యూటర్‌కి కొత్త గేర్‌బాక్స్‌ని అలవాటు చేయించే రీలెర్న్ కావాలేమో అడగండి. అది చేయకపోతే కొన్ని బళ్లు గేర్ మారినప్పుడల్లా కుదుపుతాయి.

ఈలోగా గేర్ జారుతుంటే మాత్రం నడపొద్దు. షాపుకి లాగించేటప్పుడు, ఇంజిన్ తిప్పే చక్రాలు నేలకు తగలకుండా ఎత్తించండి. ఇంజిన్ ఆగి ఉంటే ఆయిల్ పంపు తిరగదు, చక్రాలు మాత్రం లోపలి భాగాల్ని పొడిగానే తిప్పుతుంటాయి.