ఇంటి పెరట్లో గంజాయి మొక్క: పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

ప్రశ్న: అక్కా, నేను హనుమకొండలో లా చదువుతున్నాను. జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి ఇంట్లో మూడు గంజాయి మొక్కలు పెంచుకోనిస్తున్నారు, కెనడాలో నాలుగు, దక్షిణాఫ్రికాలో 2018లో రాజ్యాంగ న్యాయస్థానమే ఒప్పుకుంది. మన దగ్గర ఏ పార్టీ వాళ్లను కదిలించినా వద్దంటే వద్దు అంటారు. వాడకో వైన్ షాపుకు లైసెన్స్ ఇచ్చే ప్రభుత్వం నా ఇంటి కుండీలో మొక్కను నేరం అంటే ఎట్లా? ఓట్ల భయం తప్ప దీని వెనక ఇంకేమైనా ఉందా?

జవాబు: తమ్ముడూ, ఓట్ల భయం ఉంది, కాదనను. కానీ ఆ ఓట్లు ఎవరివో ఒకసారి చూడు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మీదికి పోయిన కథ నువ్వు పుట్టకముందుది, అయినా చదివే ఉంటావు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబర్‌లో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. మన వైపు గుడుంబా బట్టీలను పగలగొట్టించిన వాళ్లలో కూడా ఎక్కువ మంది ఆడవాళ్లే. ములుగులోనో నర్సంపేటలోనో మహిళా సంఘం మీటింగులో నిలబడి, ఇంట్లో గంజాయి పెంచుకోనిస్తాం అని ఏ ఎమ్మెల్యే అయినా అనగలడా? అనలేడు. తాగి వచ్చే మనిషితో ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి ముందు ఆ మాట అనడానికి నాకే నోరు రాదు. దీన్ని పిరికితనం అనుకోకు, అక్కడ కూర్చున్న వాళ్ల అనుభవానికి ఇస్తున్న విలువ అనుకో.

వైన్ షాపుతో పోల్చావు కాబట్టి ఇంకో మాట. మద్యం అమ్మడానికి లైసెన్స్ ఉంది, నిజమే. మరి ఇంట్లో గుడుంబా కాచుకోవడానికి ఉందా? లేదు, పట్టుబడితే ఎక్సైజ్ కేసే. అంటే చట్టబద్ధమైన మత్తు విషయంలో కూడా ఇంట్లో తయారీని మన ప్రభుత్వం ఒప్పుకోవడం లేదు. షాపుకు బోర్డు ఉంటుంది, టైమింగ్ ఉంటుంది, ఇరవై ఒక్క ఏళ్లు నిండని వాడికి అమ్మితే అడగడానికి ఒక మనిషి దొరుకుతాడు. ఇంటి లోపల ఎవరిని అడుగుతావు?

ఈ ప్రశ్న దగ్గర ఆగింది మనమొక్కళ్లమే అనుకోకు. గంజాయిని చట్టబద్ధం చేసిన చోట్లలో కూడా కొన్ని సరిగ్గా ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం 2012లోనే పెద్దవాళ్లకు దుకాణంలో అమ్మడానికి ఓటేసింది, సరదా కోసం ఇంట్లో పెంచడానికి మాత్రం ఒప్పుకోలేదు. కొలరాడో ఒప్పుకుంది, తర్వాత మొక్కలు నల్లబజారుకు పోతున్నాయని 2018 నుంచి ఇంటికి పన్నెండుకు మించకూడదని గీత గీసింది. కెనడాలో నాలుగు మొక్కలు అన్నావు, కానీ ఆ దేశంలోనే క్యూబెక్ రాష్ట్రం మా దగ్గర ఇంట్లో ఒక్క మొక్క కూడా వద్దంది, కొనాలంటే ప్రభుత్వ దుకాణంలోనే కొనమంది. దాని మీద కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా పోతే 2023లో కోర్టు క్యూబెక్ పక్షాన తీర్పు చెప్పింది. జర్మనీ పార్లమెంటులో బిల్లుకు అనుకూలంగా 407 ఓట్లు పడితే వ్యతిరేకంగా 226 పడ్డాయి, అక్కడి డాక్టర్ల సంఘం పిల్లల గురించి భయపడి వద్దని చెప్పింది. ఇక థాయ్‌లాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తుమందుల జాబితాలోంచి తీసేసి, మూడేళ్లకు డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని వెనక్కి తిరిగింది.

మన చట్టం సంగతి నాకంటే నీకే బాగా తెలియాలి. మత్తుమందులను అదుపు చేసే 1985 ఎన్డీపీఎస్ చట్టం కేంద్రానిది. సెక్షన్ 20 ప్రకారం గంజాయి మొక్క పెంచితే పదేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. పట్టుబడిన ఎండు గంజాయికైతే కిలో లోపు కొద్ది మొత్తమని, ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తమని లెక్కలున్నాయి, మొక్కకు అట్లాంటి మెట్లు లేవు, కుండీలో ఒకటైనా చేనులో వందైనా సెక్షన్ అదే. సెక్షన్ 10 కింద సాగును నియంత్రించే అధికారం రాష్ట్రాలకు ఉన్నా అది వైద్యం, పరిశోధన, పరిశ్రమ అవసరాలకే, కాబట్టి తాగడానికి పెంచుకోనివ్వడం హైదరాబాద్ అసెంబ్లీ చేతిలో లేని పని. పటియాలా ఎంపీ ధరమ్‌వీర్ గాంధీ 2016లో ఈ చట్టాన్ని మార్చాలని ప్రైవేట్ మెంబర్ బిల్లు, అంటే ప్రభుత్వం తరఫున కాకుండా ఎంపీ సొంతంగా తెచ్చే బిల్లు, తయారు చేశారు, అది చట్టం కాలేదు.

నీ ప్రశ్నలో బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని దాటేసి పోను. 2017లో మన సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అంది, దక్షిణాఫ్రికా తీర్పు కూడా గోప్యత మీదే నిలబడింది. నా ఇల్లు నా ఇష్టం అంటావు. కానీ మన ఇల్లు ఎట్లా ఉంటుందో చెప్పు. మా వాడలో ఒక్కో ఇంట్లో మూడు పోర్షన్లు, అందరికీ కలిపి ఒకటే మేడ, వడియాలు ఎండేది అక్కడే, పక్కింటి పిల్లలు పతంగులు ఎగరేసేది అక్కడే. కిరాయికి ఉండే పిల్లగాడు అక్కడ కుండీ పెడితే పోలీసులు వచ్చిన రోజు మొదట తలుపు తీసేది ఇంటి ఓనరమ్మ. పైగా మూడు మొక్కల దాకా ఓకే అని చట్టం చేశావే అనుకో, నాలుగోది ఉందో లేదో లెక్కపెట్టేదెవరు? పోలీసులే కదా. లెక్కపెట్టడానికి వాళ్లు బంజారాహిల్స్ బంగళాలకు పోతారా, ఏ గుడిసెల వాడకు వస్తారా? గోప్యత పేరు మీద అడిగిన చట్టం పేదల ఇళ్లలోకి సోదాలను తెచ్చి పెడుతుందేమోనని నా అసలు భయం. నేను వ్యతిరేకించేది ముఖ్యంగా దీని కోసమే.

అట్లని నాయకులు చెప్పేదంతా నాకు నచ్చుతుందని కాదు. వద్దు అనడం దగ్గరే వాళ్లు ఆగిపోతారు, నా కోపమంతా అక్కడే. 2019లో బయటికొచ్చిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వేలో మద్యం తాగేవాళ్లు 14.6 శాతం, భంగు, గంజాయి, చరస్ అన్నీ కలిపి వాడేవాళ్లు 2.8 శాతం అని తేలింది. శాతం చిన్నగా కనిపిస్తుంది కానీ మనుషుల లెక్కలో అది మూడు కోట్ల పైమాటే. వీళ్లలో చికిత్స కావాల్సిన వాళ్లకు మన జిల్లాల్లో మంచాలు ఎన్ని, కౌన్సెలర్లు ఎందరు? వ్యతిరేకించే ప్రతి నాయకుడూ ముందు దీనికి జవాబు చెప్పాలి. ఒడిశా సరిహద్దు నుంచి భద్రాచలం మీదుగా, కాజీపేట రైళ్ల మీదుగా సరుకు వస్తుంటే దొరికేది బ్యాగు మోసిన కూలి పిల్లలు, తెప్పించినవాడు దొరకడం తక్కువ. దాని గురించి కూడా అసెంబ్లీలో అంతే గట్టిగా మాట్లాడాలి.

ప్రశ్న: అమ్మా, మాది ఆసిఫాబాద్ వైపు. మూడెకరాల చేను కౌలుకిచ్చిన. పత్తి సాళ్ల నడుమ అక్కడక్కడ గంజాయి మొక్కలున్నాయని పాలేరు చెప్పిండు. పట్టా నా పేరు మీద ఉంది. ఊకుంటే ఏమైతది, చెప్తే ఏమైతది? రాత్రి పోయి పీకేద్దామా అని మా తమ్ముడు అంటున్నడు.

జవాబు: అన్నా, ఊకోవద్దు, ఒక్కరోజు కూడా. తన భూమిలో గంజాయి పెరుగుతోందని తెలిసిన భూమి యజమాని వెంటనే అధికారులకు చెప్పాలని అదే చట్టం సెక్షన్ 46లో ఉంది, తెలిసి చెప్పకపోతే శిక్ష నీకు కూడా. సెక్షన్ 47 కింద సర్పంచ్‌కూ ఊరి అధికారులకూ అదే బాధ్యత ఉంది, కాబట్టి పంచాయతీ వాళ్లను వెంట తీసుకునే పో, వాళ్లు రామని అనడానికి లేదు. పోలీస్ స్టేషన్‌లోనో ఎక్సైజ్ ఆఫీసులోనో కాగితం రాసి ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకో. కౌలు ఎవరికిచ్చావు, ఎప్పుడిచ్చావు, మొక్కల సంగతి నీకు ఏ రోజు తెలిసింది, ఈ మూడూ అందులో ఉండాలి. కౌలుకు కాగితం రాసుకున్నారా? నోటిమాటే అయితే, పైసలు ఇచ్చినప్పుడు ఎవరున్నారో గుర్తు తెచ్చుకో, సాక్షులు కావాల్సి వస్తుంది.

రాత్రి పోయి పీకడం మాత్రం అస్సలు వద్దు. మొక్కలు చేతిలో ఉండగా ఎవరైనా చూస్తే నువ్వు పెంచినవి కాదని ఎట్లా చెప్పుకుంటావు? కౌలుదారుతో గొడవ కూడా పెట్టుకోకు, సమాచారం ఇచ్చిన తర్వాత అది వాళ్ల పని. 2021లో, 2022లో గంజాయి వేసినవాళ్లకు రైతుబంధు ఆపేస్తామని అప్పటి ప్రభుత్వం గట్టిగా చెప్పింది గుర్తుందా, కేసు అయితే పోయేది పంట ఒక్కటే అనుకోవద్దు. ఒకళ్లు రెండు క్వింటాళ్ల పత్తి ఎక్కువ పండితే వచ్చేంత లాభం కోసం ఆశపడి గంజాయి వేసి, ఇల్లంతా కోర్టు చుట్టూ తిరగడం చూశాను, ఆ మనిషి చెడ్డవాడు కూడా కాదు.

ప్రశ్న: ఉత్తరాఖండ్‌లో గంజాయి జాతి మొక్కను నార కోసం వేస్తున్నారట. జగిత్యాలలో పసుపు గిట్టుబాటు కాక చస్తున్నాం, మేం కూడా వేయొచ్చా?

జవాబు: ఇప్పుడైతే వద్దు. ఉత్తరాఖండ్ 2018 నుంచి ఇచ్చేది లైసెన్స్, అదీ మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉన్న రకానికే. హిమాచల్ అసెంబ్లీ 2024 సెప్టెంబర్‌లో మందులకూ పరిశ్రమలకూ నియంత్రిత సాగు చేద్దామని తీర్మానించింది. అక్కడ పార్టీలు ఒప్పుకున్నది ఇంతవరకే, ఇంట్లో తాగడానికి కాదు. లైసెన్స్ లేకుండా ఎవరైనా విత్తనం ఇచ్చి మేమే కొంటాం అంటే దండం పెట్టి పంపించేయండి.

ప్రశ్న: అక్కా, కాజీపేట నుంచి రాస్తున్న. మా బాబుకు ఇరవై ఏళ్లు, డిగ్రీ ఫైనల్. గంజాయి తాగుతున్నాడని తెలిసి నాకు నిద్ర లేదు. నిలదీస్తే, బయట కొంటే కల్తీ ఉంటది, మేడ మీద ఒక మొక్క పెట్టుకుంటే నీకూ టెన్షన్ ఉండదు కదమ్మా అంటున్నాడు. పోలీసులకు చెప్తే వాడి బతుకు ఆగమైతదేమో. ఏం చేయాలి?

జవాబు: చెల్లె, ముందు ఆ మొక్క మాట అక్కడే ఆపు. వాడికి కూర్చోబెట్టి లెక్క చెప్పు: తాగినందుకు సెక్షన్ 27 కింద ఆరు నెలల దాకా జైలు లేదా పదివేల దాకా జరిమానా లేదా రెండూ, అదే పెంచితే పదేళ్ల దాకా. కల్తీకి భయపడి పదేళ్ల సెక్షన్‌ను మేడ మీదికి తెచ్చుకుంటాడా? మేడ మీద ఉందంటే కేసులోకి నిన్నూ మీ ఆయన్నూ లాగుతారు, ఇది కూడా చెప్పు. కల్తీ లేనిది మంచిది అనుకోవడం కూడా తప్పే. ఈ వయసులో రోజూ ఘాటైనది తాగితే లేని మాటలు వినబడటం, అందరూ తనమీద కుట్ర చేస్తున్నారని అనుమానపడటం లాంటి జబ్బు వచ్చే ప్రమాదం పెరుగుతుంది, మొక్క ఎవరింట్లో పెరిగిందన్నదానితో దానికి సంబంధం లేదు.

పోలీసుల భయం గురించి నీకు తెలియాల్సింది ఒకటుంది. సెక్షన్ 64ఏ ప్రకారం, అలవాటు పడిన మనిషి తనంతట తాను ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్సకు పోయి దాన్ని పూర్తి చేస్తే, వాడకం కేసు నుంచి, కొద్ది మొత్తం కేసు నుంచి రక్షణ ఉంది. మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు, అందుకని మొదటి నెల నువ్వే వెంట పో. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ తీసుకుని డాక్టర్‌కు ఏదీ దాచకుండా చెప్పండి. పోవడానికి వాడు ఒప్పుకోకపోతే ముందు నువ్వే 14446కు ఫోన్ చెయ్యి, అది మత్తు మానిపించడానికి పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్. రాత్రి నిద్ర పట్టక గుండె దడగా ఉన్నప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416 నీ కోసం కూడా పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు. వాడితో మాట్లాడేటప్పుడు బంధువులను పిలిచి పంచాయితీ పెట్టకు, తండ్రిని చెయ్యి చేసుకోనివ్వకు, తిన్నాక ఇంట్లో ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడు. వచ్చే వారం ఏమైందో నాకు రాయి, పేరు వేయను.