మ్యానిఫోల్డ్ మార్చేశాడు, కారు వదలనంటున్నాడు

ప్రశ్న: మా నాన్నగారి 1968 నాటి అంబాసిడర్ మార్క్-2 మా దగ్గరే ఉంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ (కార్బురేటర్ నుంచి ఇంజిన్‌లోకి గాలి, పెట్రోలు మిశ్రమం తీసుకెళ్లే గొట్టాల భాగం) పగిలిందని హైదరాబాద్‌లో పాత కార్లు బాగుచేసే ఒక షెడ్డుకు పంపాను. వెల్డింగ్, ఫేసింగ్ (అతుక్కునే ముఖం చదును చేయడం) చేసి బిగించడానికి 18,000 రూపాయలు మాట్లాడుకుని, 10,000 ఫోన్‌పే చేశాను. నన్ను అడగకుండానే ఏదో స్క్రాప్ బండిది తెచ్చి బిగించాడు. మాది పారేశానంటున్నాడు. మొన్న వెళ్లి స్టార్ట్ చేయిస్తే ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా) నిలవలేదు, కార్బురేటర్‌లోంచి ఎదురు కొట్టింది. పైగా ఇంకో 22,000 కడితేనే కారు వదులుతానంటున్నాడు. బిల్లు లేదు, ఉన్నవి వాట్సాప్ మెసేజ్‌లే. కన్స్యూమర్ కోర్టుకు వెళ్లొచ్చా? పార్టు మారితే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇబ్బందా? – ఒక పాఠకుడు, రాజమండ్రి

జవాబు: ముందు ఆ పాత మ్యానిఫోల్డ్ సంగతి తేల్చుకోండి. పగిలినా అది మీ వస్తువే. రిపేరుకు అప్పగించిన వస్తువును మామూలు మనిషి తన సొంతదాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. మీ అనుమతి లేకుండా పారేసే హక్కు అతనికి లేదు. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, మీ బండిలోని 1489 సీసీ ఇంజిన్ అంతకంటే చాలా పాతది. అలాంటి దాని ఒరిజినల్ పార్టుకు తూకానికి అమ్మే ఇనుము ధర కట్టడం అన్యాయం. పైగా రేపు కేసులో అదే మీకు పెద్ద సాక్ష్యం. కాబట్టి ఈరోజే వాట్సాప్‌లో రెండు ముక్కలు రాయండి: "మా పాత మ్యానిఫోల్డ్ తిరిగి ఇవ్వండి. లేకపోతే అది ఎక్కడికి పోయిందో రాతపూర్వకంగా చెప్పండి." అమ్ముకున్నాడని తేలితే భారతీయ న్యాయ సంహిత 316 కింద నమ్మకద్రోహం ఫిర్యాదుకు ఆస్కారం ఉంది. అయితే ముందే పోలీస్ స్టేషన్‌కు వెళ్లకండి, లీగల్ నోటీసుతో మొదలుపెట్టండి.

కారు ఆపుకునే హక్కు అతనికి అసలు లేదని చెప్పలేను. ఆ కాంట్రాక్ట్ చట్టమే 170వ సెక్షన్‌లో చెప్పిన ప్రకారం, చేసిన పనికి రావాల్సిన కూలి అందేదాకా మెకానిక్ వస్తువును ఆపుకోవచ్చు. కానీ ఒప్పుకున్న పని చేసి ఉండాలి. వెల్డింగ్ చేయమంటే వేరే పార్టు బిగించి, మీరు ఒప్పుకోని 22,000 అడగడం ఆ సెక్షన్ కిందకు రాదనే వాదిస్తాం. మహా అయితే వివాదం మిగిలిన 8,000 మీదే. ఆ 8,000ను "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి ఇస్తానని నోటీసులోనే చెప్పండి. అప్పటికీ వదలకపోతే, కేసు వేసేటప్పుడే కారు అప్పగించాలని మధ్యంతర ఉత్తర్వు కోరవచ్చు.

స్పేర్ తాళంతో రాత్రికి రాత్రి బండి తెచ్చేసుకుందామనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. రిపేరు బాకీ కింద చట్టబద్ధంగా ఆపుకున్న గడియారాన్ని యజమానే ఎత్తుకెళ్తే దొంగతనమవుతుందని న్యాయ సంహిత 303లో ఉదాహరణతో సహా ఉంది. మీ సొంత కారుకు మీరే ముద్దాయి కావడం దేనికి?

కన్స్యూమర్ కేసు నిక్షేపంగా వేయొచ్చు. హైదరాబాద్ దాకా తిరగక్కర్లేదు, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రికార్డు, వాట్సాప్ మెసేజ్‌లు చాలు, వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ (సాక్ష్యాల చట్టం) 63 కింద ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే సర్టిఫికెట్ జత చేయాలి. ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చేయకండి. ఒక్క మాట నిజంగా చెప్పండి, ఈ కారును పెళ్లిళ్లకు బాడుగకు ఇస్తున్నారా? ఇస్తుంటే "వాణిజ్య అవసరం" అని ఎదుటివాళ్లు అడ్డుపడతారు, వాదన వేరేగా నడపాలి.

పని లోపాన్ని మాటలతో కాదు, ఇంజిన్ మీదే చూపించాలి. బండి బయటికి రాగానే ఏమీ విప్పకుండా వేరే అనుభవజ్ఞుడైన మెకానిక్‌కు చూపించండి. ఇంజిన్ ఆన్‌లో ఉండగా మ్యానిఫోల్డ్ వెళ్లి ఇంజిన్ హెడ్‌కు కలిసే చోట గ్యాస్కెట్ (మధ్యలో పెట్టే సీలు) అంచున కొద్దిగా నీళ్లు స్ప్రే చేస్తే, లీకు ఉన్నచోట శబ్దం మారుతుంది. దాన్ని ఆపకుండా వీడియో తీయండి. తర్వాత మ్యానిఫోల్డ్ విప్పి, హెడ్‌కు ఆనే దాని ముఖం మీద స్టీల్ స్కేలు నిలబెట్టి, కింద సందు ఉంటే ఫీలర్ గేజ్‌తో (సన్నని సందులు కొలిచే రేకుల పరికరం) కొలిచి ఫోటో తీయించండి. ఆ మెకానిక్ రాతపూర్వక నివేదిక, అఫిడవిట్ తీసుకోండి. ఎదురు కొట్టడానికి జ్వలన టైమింగ్ కూడా కారణం కావచ్చు, అందుకని నివేదికలో ఆ చెకింగ్ కూడా ఉండాలి. లేకపోతే అవతలి లాయరు అక్కడే పట్టుకుంటాడు.

రిజిస్ట్రేషన్ గురించి టెన్షన్ వద్దు. 2021 జులైలో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వాహనానికి వింటేజ్ వాహనాలకు కేటాయించిన వీఏ సిరీస్ నంబరు ఇస్తారు, మీది అర్హమైనదే. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో భారీ మార్పులు ఉండకూడదన్నది షరతు. ఆర్సీలో ఉండేవి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు. మ్యానిఫోల్డ్‌కు అందులో చోటు లేదు. అదే మోడల్‌ది బిగిస్తే అది మార్పు కిందకు రాదని నా అభిప్రాయం. వేరే ఇంజిన్‌ది తెచ్చి అడాప్టర్ ప్లేటుతో, వేరే కార్బురేటర్‌తో బిగించి ఉంటే మాత్రం ఒరిజినాలిటీ మీద ప్రశ్న లేస్తుంది. ఆ నష్టాన్ని కూడా పరిహారం లెక్కలో చేర్చండి. నోటీసు పంపేముందు బిగించిన మ్యానిఫోల్డ్ మీది పోత నంబరు (పోత పోసేటప్పుడే దాని మీద పడిన నంబరు) స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి ఉంచుకోండి.