రిహాబ్‌కి (డాక్టర్లు దగ్గరుండి చేయించే వ్యాయామ చికిత్సకి) వెళ్లే ముందు మా కోడలు పిల్లకి

చిన్నీ,

నీకున్నది పల్మనరీ ఆర్టీరియల్ హైపర్‌టెన్షన్ అనే ఊపిరితిత్తుల రక్తనాళాల జబ్బని తేలిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "ఇంట్లో అందరూ మంచం దిగొద్దంటున్నారు వదినా, డాక్టరుగారేమో వ్యాయామానికి పంపమంటున్నారు" అని ఒకటే టెన్షన్ పడుతోంది. నువ్వు డాక్టరుగారి మాటే విను.

నేను ఫిజియోథెరపీలో చేరిన కొత్తలో ఈ జబ్బున్నవాళ్లకి విశ్రాంతే చెప్పేవాళ్లం. 2006లో జర్మనీలో హైడెల్‌బర్గ్ డాక్టర్లు 30 మందితో ఒక అధ్యయనం చేశారు. దగ్గరుండి ఎవరిచేత వ్యాయామం చేయించారో వాళ్లు 15 వారాలకు, ఆరు నిమిషాల్లో అంతకుముందుకన్నా సగటున 96 మీటర్లు ఎక్కువ నడిచారు. మొదటి మూడు వారాలూ వాళ్లను ఆస్పత్రిలోనే ఉంచారు. మందులు కూడా నడుస్తూనే ఉన్నాయి. అందుకే మందులు ఒంటికి కుదిరి, డాక్టరుగారు సరే అన్నాకే మొదలుపెట్టు.

నీకు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ప్రెషర్ ఎక్కువ. దానికి ఎదురు రక్తం పంపలేక గుండె కుడివైపు అలిసిపోతుంది. శ్రమ హద్దు దాటితే ఒంటికి చాలినంత రక్తం అందక కళ్లు తిరుగుతాయి, పడిపోవచ్చు కూడా. మనిషి పక్కన ఉండాలనేది అందుకే.

మొదటిరోజు ఆరు నిమిషాల నడక పరీక్ష ఉంటుంది. పొడవాటి వరండాలో ఆ చివర ఈ చివర గుర్తులు పెట్టి అటూ ఇటూ నడవమంటారు. పరుగెత్తకూడదు. ఆయాసమొస్తే ఆగి గోడకి ఆనుకోవచ్చు, టైమ్ మాత్రం ఆగదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూసే ఆక్సిమీటర్ వేలికి పెడతారు. గోళ్లకి గోరింటాకు, నెయిల్ పాలిష్ ఉంటే అంకె తప్పు రావచ్చు, ముందే చెప్పు.

తర్వాత సైకిలు కాసేపు తేలిగ్గా, కాసేపు కొంచెం బిగువుగా తొక్కిస్తారు. చిన్న బరువులిస్తారు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకు, వదులుతూ ఎత్తు. ఇంట్లో నీళ్ల బకెట్‌కీ ఇదే పద్ధతి. నిండు బకెట్ అసలు ముట్టుకోకు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం. పక్కన బైపాస్ అయిన పెద్దాయన ట్రెడ్‌మిల్ మీద నీకన్నా జోరుగా నడుస్తుంటాడు. ఆయన జబ్బు వేరు, నీది వేరు. పోటీ పడకు. తల తేలిపోతున్నా, గుండె దడదడలాడినా, ఛాతీలో పట్టేసినా ఆ క్షణమే ఆగి చెప్పు. "ఇంకో రెండు నిమిషాలేగా" అని పళ్లబిగువున లాగే ఆడపిల్లల్ని చాలామందిని చూశాను, నా భయమంతా అదే. మిషను అంకె చూపిస్తుంది గానీ నీకు ఎలా ఉందో నువ్వు చెబితేనే తెలుస్తుంది. నిన్నటికంటే పాదాలు వాచినా, ఉన్నట్టుండి బరువు పెరిగినా వ్యాయామానికి ముందే చెప్పాలి.

అలిపిరి మెట్లెక్కి వస్తానని మీ అమ్మ నీ పేరున మొక్కుకుందట. నువ్వు మాత్రం కొండకి బస్సులోనే వెళ్లాలి, అదీ డాక్టరుగారిని అడిగాకే. సోమవారం వెళ్లేటప్పుడు ఎకో రిపోర్టు, మందుల చీటీ, మెత్తటి బూట్లు మర్చిపోకు. వచ్చాక ఎంత దూరం నడిచావో నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్త