ట్రాన్స్‌ఫార్మర్‌లో పవర్ ఎదురు నడిస్తే రేటింగ్ అదేనా?

ప్రశ్న: ట్రిపుల్‌ఈ ఫైనలియర్ చదువుతున్నాను సర్. ఇంటర్వ్యూలో ‘100 ఎంవీఏ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్‌ని రివర్స్ పవర్‌కి (తక్కువ వోల్టేజీ వైపు నుంచి ఎక్కువ వైపుకి) వాడొచ్చా?’ అని అడిగారు. ‘వాడొచ్చు, ఎంవీఏ ఎటైనా ఒకటే’ అన్నాను. సెలక్ట్ కాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ డిజైన్‌లోకి వెళ్లాలంటే ఏం నేర్చుకోవాలి?

జవాబు: మీరు చెప్పింది తప్పు కాదు, సగమే నిజం. ఎంవీఏ (మెగావోల్ట్ ఆంపియర్) అంటే ట్రాన్స్‌ఫార్మర్ మోయగల సామర్థ్యం. వైండింగ్ వేడెక్కేది కరెంటు ఎంత అన్నదాన్ని బట్టి. అది ఎటు పోతోందో రాగికి అక్కర్లేదు. తేడా వచ్చేది వోల్టేజీలో.

ఒక లెక్క వేసి చూడండి. సోలార్ పార్కులో 33/220 కేవీ, 100 ఎంవీఏ, ఇంపిడెన్స్ (కరెంటుకి లోపలి అడ్డు) 14 శాతం, నామినల్ ట్యాప్ (చుట్ల సంఖ్య మార్చే మెట్లలో మామూలు మెట్టు). గ్రిడ్ సరిగ్గా 220 కేవీ దగ్గర ఉంది. ఇన్వర్టర్లు రియాక్టివ్ పవర్ (పని చేయకపోయినా వోల్టేజీని నిలబెట్టే పవర్) కూడా ఇస్తూ 0.95 పవర్ ఫ్యాక్టర్‌తో (మొత్తం ఎంవీఏలో నిజంగా పని చేసే వాటా) ఫుల్ లోడు బయటికి పంపాలంటే 33 కేవీ వైపు 34.7 కేవీ ఉండాలి. గ్రిడ్ 231కి ఎక్కిందా, అది 36.3 అవుతుంది. 33 కేవీ స్విచ్‌గేర్‌కి గరిష్ఠం 36! కోర్ (చుట్ల మధ్య ఉండే ఇనుప భాగం) కూడా దాని రేటెడ్ అయస్కాంత ప్రవాహంలో 110 శాతం దగ్గర నడుస్తుంది. ఫుల్ లోడు మీద నిరంతరం 105 శాతం వరకే ఐఎస్ 2026 (పవర్ ట్రాన్స్‌ఫార్మర్ల భారతీయ ప్రమాణం) భరోసా. అదే ట్రాన్స్‌ఫార్మర్ 220 వైపు నుంచి లోడుకు ఇస్తుంటే 33 వైపు వోల్టేజీ పడిపోతుందే గానీ కోర్‌కి ఈ బాధ లేదు. 220 వైపు చుట్లు 5 శాతం పెంచే ట్యాప్‌కి వెళ్తే 36.3 మళ్లీ 34.7 దగ్గరికి దిగుతుంది. ట్యాపులు ఎటువైపు ఎన్ని ఉండాలో తేల్చేది ఈ లెక్కే. అందుకే పవర్ రెండువైపులా నడుస్తుందని ఎంక్వయిరీ కాగితంలోనే రాయాలి. ట్యాంకు మూత బిగించాక చేయగలిగింది తక్కువ.

రేటింగ్ మాటలోనూ మెలిక ఉంది. ఐఈసీ (అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ) లెక్కలో, దాన్ని అనుసరించే మన ఐఎస్ 2026లో, ఎంవీఏ అంటే లోపలికి ఇచ్చేది. అమెరికా ఐఈఈఈ లెక్కలో బయటికి వచ్చేది. ఎగుమతి ఆర్డర్లు చూసే కంపెనీలో ఇది తప్పక అడుగుతారు.

ట్యాపులు మార్చే పరికరం, ట్యాప్ ఛేంజర్‌ని చాలామంది మరిచిపోతారు. ఒకే రెసిస్టర్‌తో మార్చే రకంలో పవర్ దిశ మారితే కాంటాక్టుల మీద ఆర్క్ భారం పెరుగుతుంది, అందుకే తయారీదారు రివర్స్‌కి తక్కువ పరిమితి ఇస్తాడు. లైన్ డ్రాప్ కాంపెన్సేషన్ (లైన్లో పడే వోల్టేజీని కరెంటు బట్టి లెక్కేసి సర్దడం) పెట్టిన ఏవీఆర్, అంటే ఆటోమేటిక్ వోల్టేజీ రెగ్యులేటర్, అయితే ఎదురు కరెంటుని చూసి తప్పు దిక్కున సర్దుతుంది.

ఇక చదువు. ఎంటెక్‌కి తొందరపడొద్దు. ముందు పర్‌యూనిట్ ఫేజర్ లెక్కలు (విలువల్ని రేటింగ్‌తో భాగించి, కోణంతో సహా కలిపే లెక్కలు) చేతికి రావాలి, తర్వాత ఐఎస్ 2026 మొదటి భాగం. సాఫ్ట్‌వేర్‌లో ఫీల్డ్ అనాలిసిస్ (అయస్కాంత, విద్యుత్ క్షేత్రాల విశ్లేషణ) ఆ తర్వాతే. చాలామంది ఇక్కడ తలకిందులుగా మొదలుపెడతారు. ఒక నెల ట్రాన్స్‌ఫార్మర్ రిపేరు షెడ్డులో గడపండి, కాయిల్ ఎలా కాలిందో కళ్లతో చూస్తారు.

ప్రాజెక్టుకి రివర్సిబుల్ యూనిట్లున్న నాగార్జునసాగర్ లేదా శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం లాంటి ఉదాహరణ తీసుకోండి. నీళ్లు కిందికి వదిలినప్పుడు పవర్ గ్రిడ్‌లోకి, పైకి తోడినప్పుడు గ్రిడ్ నుంచి, అదే ట్రాన్స్‌ఫార్మర్ గుండా. గ్రిడ్ వోల్టేజీ నామినల్‌కి 0.95 నుంచి 1.05 రెట్ల దాకా, పవర్ ఫ్యాక్టర్ 0.95 (రియాక్టివ్ పవర్ ఇస్తూ ఒకసారి, తీసుకుంటూ ఒకసారి), పవర్ దిశలు రెండు: ప్రతి ట్యాప్‌కీ కోర్ 105 శాతం దాటుతుందో లేదో ఎక్సెల్ షీటులో తేల్చండి. దాటిన గడులకు ఎర్ర రంగు వేసి, ఆ షీటు ప్రింటు తీసి తర్వాతి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి.