వాల్వ్ కంటే ముందు గేజ్ కొను

చిరంజీవి అల్లుడికి అనంతపురం నుంచి మామ ఆశీస్సులు.

కర్నూలులో పన్నెండంతస్తుల బిల్డింగుకు ప్లంబింగ్ పని ఒప్పుకున్నానని, ప్రెషర్ తగ్గించే వాల్వ్‌లు ఏ కంపెనీవి మంచివో చెప్పమని రాశావు. కంపెనీ సంగతి తర్వాత చూద్దాము, ముందు ఎక్కడ ఎంత ప్రెషర్ వస్తుందో లెక్క కట్టు. పది మీటర్లు కిందికి దిగిన నీటికి చదరపు సెంటీమీటరుకు సుమారు ఒక కేజీ ప్రెషర్ ఉంటుంది. మిద్దె మీది ట్యాంకు అడుగు నుంచి మొదటి అంతస్తు కుళాయి దాకా 38 మీటర్లన్నావు కనుక అక్కడ 3.8 కేజీలు, పన్నెండో అంతస్తులో అర కేజీ ఉంటుంది. ఇంటి కుళాయికి రెండు, రెండున్నర కేజీలు చాలు కాబట్టి కింది నాలుగు అంతస్తులకే వాల్వ్ అవసరం. పై అంతస్తుల వాళ్ళకు షవరు సరిగా రాకపోతే పంపు పెట్టవలసిందే, ఈ వాల్వ్ తగ్గించగలదే కాని పెంచలేదు. ఇక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లకు కూడా దీన్ని అంటగడుతున్నారు, అది దండగ ఖర్చు.

వాల్వ్‌ను నాలుగో అంతస్తు షాఫ్టులో, అంటే పైపులు దిగే గూటిలో పెడితే, అక్కడి నుంచి మొదటి అంతస్తుకు మరో 9 మీటర్లు ఉన్నదని మరువకు. పైన 1.5 కేజీలకు సెట్ చేస్తే కింద 2.4 కేజీలు అందుతాయి. పైపు రెండంగుళాలు కాబట్టి వాల్వ్ కూడా రెండంగుళాలే ఉండాలని మాత్రం అనుకోవద్దు. అవసరానికి మించిన సైజు వాల్వ్ అర్ధరాత్రి ఒక్క కుళాయి తిప్పినప్పుడు వెంట్రుకవాసి తెరుచుకొని కొట్టుకుంటూ ఉంటుంది, ఆ సన్నని సందులోంచి దూసుకుపోయే నీరే సీటును, అంటే వాల్వ్ లోపల మూత ఆనుకునే అంచును కోసేస్తుంది. కంపెనీ ఇచ్చే పట్టికలో నిమిషానికి ఎన్ని లీటర్లో చూసి సైజు తీసుకో.

చెత్తను ఆపే జల్లెడ, అదే స్ట్రెయినర్, లేకుండా వాల్వ్ బిగించవద్దు. చాలా ఏళ్ళ కిందట నేనే ఒక లాడ్జిలో, ప్రెషర్ పంపు లైనుకు, స్ట్రెయినర్ రేపు పెడదాములే అని వాల్వ్ బిగించి వచ్చాను. పైపు కోసినప్పటి ప్లాస్టిక్ పొట్టు పోయి సీటు మీద కూర్చుంది. పగలంతా నీళ్ళు వాడుతూ ఉండటం వల్ల ఏమీ తెలియలేదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేశాక వాల్వ్ పూర్తిగా మూసుకోక, ప్రెషర్ మెల్లగా ఎక్కి, తెల్లవారుజామున ఒక వాష్ బేసిన్ కింది కనెక్షన్ పైపు ఊడి గది నిండింది. పరుపుల డబ్బు నేనే కట్టాను. అందుకే లైనును బాగా కడిగిన తర్వాతే వాల్వ్ పెట్టు. ముందూ వెనకా నీళ్ళు కట్టేసే బాల్ వాల్వ్‌లు, ప్రెషర్ చూపే గేజ్‌లు, విప్పి తీయడానికి వీలైన యూనియన్ జాయింట్లు ఉండాలి, స్పానరు తిప్పడానికి చేయి పట్టేంత చోటు కూడా ఉండాలి.

సెట్ చేసేటప్పుడు లాక్ నట్ వదులు చేసి, ప్రెషర్ సెట్ చేసే స్క్రూను బాగా వదిలి, కింద ఒక కుళాయి తెరిచి ఉంచి కొద్దికొద్దిగా బిగించు. కుళాయి కట్టేసి ఉండగా ప్రెషర్ ఎక్కువైతే స్క్రూ వెనక్కి తిప్పినంత మాత్రాన గేజ్ ముల్లు దిగదు. లోపల చిక్కిన నీరు కుళాయి గుండా పోతేనే దిగుతుంది. ఇది తెలియక వాల్వ్ చెడిపోయిందని విప్పేసిన వాళ్ళు ఎందరో. తర్వాత కుళాయిలు కట్టేసి చూస్తే రీడింగు కాస్త ఎక్కుతుంది, అది మామూలే. అక్కడ ఆగకుండా ఎక్కుతూనే ఉంటే సీటులో చెత్త ఉన్నట్లు.

తుంగభద్ర నీళ్ళతో పాటు బోరు నీళ్ళు కూడా అదే ట్యాంకులోకి వదులుతారు కాబట్టి సున్నం పట్టడం ఖాయం. మొదటి రెండు నెలలు స్ట్రెయినర్ జల్లెడను వారానికొకసారి, తర్వాత మూడు నెలలకొకసారి కడుగు. ఏడాదికొకసారి వాల్వ్ విప్పి, రబ్బరు భాగాలు పక్కకు తీసి, ఇత్తడి భాగాలను నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో కొంతసేపు నానబెట్టి కడుగు. ఈ వాల్వ్ ఉన్న లైనులో గీజరు వేడికి ఉబ్బిన నీరు వెనక్కి పోలేదు కనుక, గీజరు సేఫ్టీ వాల్వ్ కారుతున్నదని ఎవరైనా దాని మూతి బిగించమంటే ససేమిరా ఒప్పుకోకు.

సెట్ చేసిన రీడింగును, తేదీని షాఫ్టు తలుపు లోపలివైపు పెయింటుతో రాసిపెట్టు. వాచ్‌మన్‌కు బాల్ వాల్వ్ ఎలా కట్టేయాలో చూపించు, స్పానరు మాత్రం ఇవ్వకు.