యూకేజీ టీచర్ నుంచి స్పెషల్ ఎడ్యుకేటర్ దాకా: ఏ కోర్సు, ఏ దారి?

ప్రశ్న: బీఎస్సీ చదివి, మిర్యాలగూడలోని ఒక ప్రైవేటు పాఠశాలలో మూడేళ్లుగా యూకేజీ పిల్లలకు బోధిస్తున్నాను. మా తరగతిలో ఒక బాబుకు ఆటిజం ఉండవచ్చని డాక్టర్ అన్నారట. గంట మోగితే చెవులు మూసుకుంటాడు, పేరు పెట్టి పిలిస్తే పలకడు, మనం అడిగిన మాటనే తిరిగి అంటాడు. అతని కోసం తెలుసుకోవడం మొదలుపెట్టాక ఇటువంటి చిన్నపిల్లలతోనే పనిచేయాలనిపిస్తోంది. ఆరు వారాల ఆన్‌లైన్ 'ఆటిజం థెరపిస్ట్' సర్టిఫికెట్ సరిపోతుందా? డిగ్రీ ఉంది కాబట్టి బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ చేయాలా? ఉద్యోగావకాశాలు ఎలా ఉంటాయి? ఈలోపు ఆ బాబు కోసం నేనేం చేయగలను?
- ఒక ఉపాధ్యాయిని, నల్గొండ జిల్లా

జవాబు: మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. కోర్సులో చేరడానికి మీకు ఇంకా వ్యవధి ఉంది. ఆ బాబు మాత్రం రేపు ఉదయమే మళ్లీ మీ తరగతికి వస్తాడు. పైగా మీరు ఎంచుకోవాలనుకుంటున్న వృత్తిలో రోజువారీ పని ఎలా ఉంటుందో, అతని కోసం మీరు చేసే ప్రయత్నాల్లోనే మీకు చాలావరకు అర్థమవుతుంది.

పిలిస్తే పలకని బిడ్డకు ముందుగా చేయించవలసింది వినికిడి పరీక్ష. అది జరిగిందో లేదో తల్లిదండ్రులను అడగండి. 'ఉండవచ్చు' అన్న మాట దగ్గరే వారు ఆగిపోయి ఉంటే, జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి, అంటే ఆస్పత్రుల్లో డీఈఐసీ అని పిలిచే చోటికి, బాబును తీసుకువెళ్లమని చెప్పండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన ఈ కేంద్రాల్లో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల ఎదుగుదల సమస్యలను ఉచితంగా పరీక్షిస్తారు. పిల్లల వైద్యులు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట అందుబాటులో ఉండాలన్నది వీటి ఉద్దేశం. అన్నిచోట్లా అందరూ ఉండకపోవచ్చు, అయినా మొదటి అడుగు అక్కడే పడటం మంచిది.

మీరు మాత్రం నిర్ధారణ జోలికి వెళ్లకండి. 'మీ అబ్బాయిలో ఆటిజం లక్షణాలున్నాయి' అని టీచర్ అన్న మాట ఆ తల్లి గుండెలో ఏళ్ల తరబడి ఉండిపోతుంది, దానివల్ల డాక్టరుకు తెలిసేదీ ఏమీ ఉండదు. అందుకు బదులు 'రైమ్స్ చెప్పేటప్పుడు మిగతా పిల్లలు గుండ్రంగా నిలబడితే తను తలుపు దగ్గరికి వెళ్లి గడియను ఆడిస్తూ ఉన్నాడు, టిఫిన్ డబ్బా తెరిచిన చప్పుడుకు వెంటనే తిరిగి చూశాడు' అని చూసింది చూసినట్లు, తేదీ వేసి, రెండు వారాల పాటు రాసి ఇవ్వండి. పదిహేను నిమిషాల పరీక్షలో డాక్టరుకు కనిపించనిది ఆ కాగితంలో కనిపిస్తుంది.

అడిగిన మాటే తిరిగి అంటాడని రాశారు. ఇది కాస్త నిదానంగా చూడవలసిన విషయం. దాహం వేసినప్పుడు ఇటువంటి పిల్లలు చాలామంది 'నీళ్లు కావాలా?' అంటారు. దాహం వేసిన ప్రతిసారీ అమ్మ నోట ఆ మాటే విన్నారు, ఆ మాట వెంటనే గ్లాసు వచ్చింది. కాబట్టి ఆ వాక్యం మొత్తం వారికి నీళ్లను అడిగే మాటగా స్థిరపడింది. 'నాకొద్దు నాన్నా' అని నవ్వేస్తే బిడ్డ చేసిన ఆ ప్రయత్నం వృథా అవుతుంది. 'నీళ్లు కావాలి' అని, అతను అనవలసిన రూపంలో మీరే ఒకసారి మెల్లగా అని, వెంటనే గ్లాసు చేతికివ్వండి. సరిగ్గా పలికితేనే నీళ్లిస్తానని పట్టుబట్టే పద్ధతిని కొన్ని థెరపీ కేంద్రాల్లో ఇప్పటికీ చూస్తున్నాను. దాహంతో ఉన్న పిల్లవాడికి అది నేర్పేది భయాన్నే.

గంట విషయానికి వస్తే, అతన్ని గంటకు దూరంగా ఉన్న బెంచీలో కూర్చోబెట్టండి, మోగబోయే ముందు చెప్పండి, చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి. ఆ చేతులను బలవంతంగా తీయించకండి. ఆ రోజు పనులకు ప్రార్థన, రైమ్స్, రాత, టిఫిన్, ఆట, ఇల్లు అని బొమ్మల కార్డులు చేసి, గోడ మీద అతని కంటికి అందే ఎత్తులో వరుసగా అంటించి, ఒక్కో పని పూర్తి కాగానే ఆ కార్డును అతని చేతనే తీయించి కింద పెట్టిన డబ్బాలో వేయించండి. వాన వల్ల ఆట లేకపోతే ఆ కార్డును మార్చి ముందుగానే చూపండి. చెప్పకుండా వచ్చే మార్పు ఈ పిల్లలను ఎంతగానో కలవరపెడుతుంది. ఈ కార్డులు తరగతిలోని మిగతా పిల్లలకూ పనికొస్తాయన్నది మీకు వారం రోజుల్లోనే తెలుస్తుంది.

'ఇంట్లో కూడా ఇంగ్లిషే మాట్లాడండి, రెండు భాషలైతే బాబు తికమకపడతాడు' అని పాఠశాల వారు తల్లిదండ్రులకు చెబుతుంటే దయచేసి అడ్డుచెప్పండి. రెండు భాషల మధ్య పెరగడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు మాటలు మరింత ఆలస్యమవుతాయని పరిశోధనల్లో తేలలేదు. పరాయి భాషలో తడుముకుంటూ మాట్లాడే తల్లి బిడ్డతో మాట్లాడటమే తగ్గించేస్తుంది. అమ్మమ్మ, నానమ్మల మాట అసలే ఆగిపోతుంది. ఆ ఇంట్లో బాబుకు అందే మాటలే కరవైపోతాయి.

చట్టం గురించి క్లుప్తంగా చెబుతాను. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కలు చేయడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది) ఉన్నాయి. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కనిపించే ఏడీహెచ్‌డీ ప్రత్యేకంగా లేదు. వివక్ష లేకుండా చేర్చుకోవాలని, బిడ్డ అవసరానికి తగిన ఏర్పాట్లు చేయాలని ఆ చట్టం ప్రభుత్వ నిధులతో లేదా గుర్తింపుతో నడిచే విద్యాసంస్థలకు చెబుతోంది. అయితే అది ఉచిత విద్య హక్కును ఇస్తున్నది 6 నుంచి 18 ఏళ్ల వరకు. విద్యాహక్కు చట్టం వర్తించేదీ 6 నుంచి 14 ఏళ్లకే. అంటే నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీ వయసు పిల్లలకు చట్టం అండ అన్నిటికంటే పలుచగా ఉంది. ఆ వయసులో బిడ్డను బడిలో నిలబెట్టేది టీచరే. అందుకే మీవంటివారు ఈ రంగంలోకి రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఇక మీ చదువు సంగతి. ఆరు వారాల సర్టిఫికెట్ మిమ్మల్ని థెరపిస్టును చేయదు. మన దేశంలో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా పనిచేయాలంటే 1992 నాటి చట్టంతో ఏర్పడిన భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు పూర్తి చేసి, దాని కేంద్ర రిజిస్టరులో పేరు నమోదు చేయించుకుని సీఆర్‌ఆర్ నంబరు పొందాలి. నమోదు లేకుండా వృత్తి చేయడం ఆ చట్టం ప్రకారం శిక్షార్హం. అవగాహన కోసం చిన్న కోర్సు చేస్తే తప్పులేదు గానీ, దాని ఆధారంగా ఒక కుటుంబం దగ్గర గంటకింత అని ఫీజు తీసుకోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఆటిజాన్ని 'పూర్తిగా నయం చేస్తాం' అని ప్రకటించే ఏ కేంద్రంలోనూ శిక్షణకైనా సరే చేరకండి.

డిగ్రీ ఉంది కాబట్టి బీఈడీయే చేయాలనుకోవడం సహజం, కానీ మీ విషయంలో నేను అలా చెప్పను. ఉపాధ్యాయ నియామకాల్లో బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్ స్కూల్ అసిస్టెంట్ పోస్టులకు, అంటే పై తరగతులకు దారి. ప్రాథమిక స్థాయిలో ఎస్‌జీటీ స్పెషల్ ఎడ్యుకేషన్ పోస్టుకు అడిగేది డీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. ఇది రెండేళ్ల డిప్లొమా. ఇంటర్ అర్హతతో ప్రవేశం ఉంటుంది. మీ మనసు అయిదారేళ్ల పిల్లల దగ్గర ఉంది గనుక డిగ్రీ తర్వాత డిప్లొమాకు వెళ్లడాన్ని మెట్టు దిగినట్లు భావించకండి. ఆ తర్వాత అవసరమనిపిస్తే బీఈడీ కూడా చేయవచ్చు.

స్పెషలైజేషన్ విషయంలో మేధో, ఎదుగుదల వైకల్యాల విభాగాన్ని ఎంచుకోండి. ఆటిజం ఉన్న పిల్లలతో పనికి దగ్గరగా ఉండేది అదే. లెర్నింగ్ డిసెబిలిటీ, అంటే అభ్యసన వైకల్య విభాగం ఆకర్షణీయంగా కనిపించవచ్చు, కానీ అభ్యసన వైకల్య ధ్రువీకరణ పరీక్షలు మొదలయ్యేదే మూడో తరగతి లేదా 8 ఏళ్ల వయసు నుంచి. యూకేజీ పిల్లవాడు 'బ'కు, 'భ'కు తేడా మరచిపోవడం, అంకెలను తిప్పి రాయడం ఆ వయసులో మామూలే.

మీకు దగ్గరలోని ప్రధాన సంస్థ సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని ఎన్‌ఐఈపీఐడీ. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలైన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థలో డిప్లొమా నుంచి ఎంఈడీ వరకు స్పెషల్ ఎడ్యుకేషన్ కోర్సులున్నాయి. ఆటిజం అంచనాకు దేశమంతటా వాడే ఐఎస్‌ఏఏ కొలమానం రూపొందింది కూడా ఇక్కడే. పసిపిల్లల కోసం ఎర్లీ ఇంటర్వెన్షన్‌లో పీజీ డిప్లొమా ఉంది. దాని అర్హతలకు మీ బీఎస్సీ సరిపోతుందో లేదో ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. ప్రైవేటు సంస్థలో చేరేటట్లయితే దాని పేరు, మీరు చేరే విభాగం, ఆ విద్యాసంవత్సరం మూడూ ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోని ఆమోదిత జాబితాలో ఉన్నాయో లేదో సరిచూసుకున్న తర్వాతే ఫీజు కట్టండి. 2020 జాతీయ విద్యావిధానం తర్వాత ఉపాధ్యాయ కోర్సుల స్వరూపం మారుతోంది, కాబట్టి సీనియర్లు చెప్పిన పాత వివరాల మీద ఆధారపడకండి.

ఉద్యోగాల పరిస్థితి మెరుగవుతోంది. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒకరు, పై స్థాయిలో 15 మందికి ఒకరు చొప్పున స్పెషల్ ఎడ్యుకేటర్లు ఉండాలని 2021లో సుప్రీంకోర్టు రజనీశ్ కుమార్ పాండే కేసులో స్పష్టం చేసింది. తెలంగాణ 2024 డీఎస్సీలోని 11,062 పోస్టుల్లో 796 ఎస్‌జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు స్పెషల్ ఎడ్యుకేషన్‌వే. ఇవి గాక సమగ్ర శిక్షా కింద మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో రిసోర్స్ పర్సన్లుగా (ఐఈఆర్‌పీలుగా), డీఈఐసీల్లో, ప్రైవేటు పాఠశాలల్లో అవకాశాలుంటాయి. అయితే భవిత కేంద్రాల ఉద్యోగాలు కాంట్రాక్టువి. ప్రైవేటులో మొదటి రెండు మూడేళ్లు జీతం మీ ఆశకు తగ్గట్టు ఉండకపోవచ్చు. ఇంటి బాధ్యతలు మీ మీద ఉంటే ఈ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకోండి. నగరాల్లో తల్లిదండ్రులు పెట్టుకునే షాడో టీచర్ (తరగతిలో ఒక బిడ్డ పక్కనే ఉండి సాయపడే టీచర్) పని తేలిగ్గానే దొరుకుతుంది, కానీ పైన దారి చూపే స్పెషల్ ఎడ్యుకేటర్ లేనిచోట ఆ పనిలో నేర్చుకునేది తక్కువ.

దరఖాస్తుకు ముందు అనుమతి తీసుకుని మీ మండలంలోని భవిత కేంద్రంలో కొన్ని పూటలు కూర్చోండి. బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్లేటప్పుడు మీరూ వెంట రావచ్చునేమో అక్కడి ఐఈఆర్‌పీని అడగండి. మంచం మీదే ఉండే బిడ్డకు చెంచా పట్టడం నేర్పడానికి నెలలు పడుతుంది. ఆ నిదానం మీకు సరిపడుతుందో లేదో మరెక్కడా తెలియదు. సరిపడుతుందనిపిస్తే ప్రవేశ ప్రకటన కోసం ఆర్‌సీఐ, ఎన్‌ఐఈపీఐడీ వెబ్‌సైట్లను చూస్తూ ఉండండి. డిప్లొమా ప్రవేశానికి ఇంటర్‌లో 50 శాతం మార్కులు కావాలి, రిజర్వుడు వర్గాలకు సడలింపు ఉంటుంది. కాబట్టి డిగ్రీ పత్రాల కంటే ముందు మీ ఇంటర్ మార్కుల మెమో తీసి చూసుకోండి.